సరిహద్దు దాటి పోయినాడంట

ముందుగానే ఒప్పుకుంటే తరవాత ఎవరూ నిలదీయరు కాబట్టి చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. ప్రయత్నించిన రెండు సందర్భాల్లోనూ నాకు జ్వరం వచ్చింది. వెల్లింగ్టన్ గాలికి గొడుగు తిరగబడిందని ఈ ఊళ్ళో ప్రతివాడూ చెబుతాడు. నేను చెబితే ఆ గొడుగు సముద్రం దాటి చిలీ దేశంలో దిగి, అక్కడ ఎవరికో రెండేళ్ళు నీడనిచ్చి ఉంటుంది. మా ఆవిడ నా మాటల్ని సగానికి తగ్గించి, ఆ సగంలోంచి విశేషణాలు తీసేసి వింటుంది. మీరూ అలాగే వినండి. కాకపోతే ఈ సంగతిలో ఒక్కచోట తప్ప ఎక్కడా కల్పించలేదు. పెంచాను, కల్పించలేదు. ఆ తేడా నాకు ముఖ్యం. కల్పించింది ఎక్కడో చివర్లో చెబుతాను.

మేముండేది వెల్లింగ్టన్ పక్క లోయలో, లోవర్ హట్‌లో. పొద్దున్నే లోయంతా కలిసి రైలెక్కి రాజధానికి పోతాం, సాయంత్రం లోయంతా కలిసి తిరిగొస్తాం. మా ఇంటికి కుడి పక్కన అర్మేనియా దంపతులు. వాళ్ళకు అవతల, మూడో ఇంట్లో, గోదావరి జిల్లా ఆంటీ, ఆవిడ కూతురు, అల్లుడు. నేను అనంతపురం వైపువాణ్ణి. గోదావరికీ అనంతపురానికీ మధ్య అర్మేనియా ఉండటం భూగోళశాస్త్రం ఒప్పుకోదు గానీ మా వీధి ఒప్పుకుంది. జరిగినదానికంతటికీ మూలం కూడా అదే.

అర్మేనియా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎత్తు ఏడడుగులు. సరే, ఆరు మీద కొంచెం. కనుబొమలు మాత్రం ఒక్కొక్కటీ మా బాత్రూమ్ బయట పరిచే పట్టా అంత. లిఫ్టు తలుపుల మధ్య ఇరుక్కున్నట్టుండే ఇంగ్లీషు మాట్లాడతాడు. నేను దాన్ని మనసులోనే మా అనంతపురం తెలుగులోకి దించుకుని వింటాను. ఇక్కడా అలాగే రాస్తున్నాను, ఆయన క్షమించాలి. నన్ను ఆయన ‘అఖ్పెర్’ అని పిలుస్తాడు. వాళ్ళ భాషలో దానికి అన్న అనీ అర్థమేనట, తమ్ముడు అనీ అర్థమేనట. పెద్దా చిన్నా తేడా లేకుండా ఒక్క మాటతో ఎలా బతుకుతారో నాకు అర్థం కాలేదు. ఇద్దరిలో కనుబొమలు పెద్దవి ఆయనవే అయినా, మర్యాద కోసం ఆయన నన్ను అన్నా అంటున్నట్టు లెక్కేసుకున్నాను.

అంతకుముందు నాకు అర్మేనియా అంటే మద్రాసులో ఒక వీధి. ఒకరోజు రైల్లో ఆ మాట పైకే అన్నాను. ఆయన కిటికీలోంచి సముద్రం వైపు ఐదు నిమిషాలు చూసి, అప్పుడు మొదలుపెట్టాడు. దిగే స్టేషను వచ్చేసరికి ఆ దేశం మొత్తం నా ఒళ్ళో ఉంది.

చిన్న దేశం. మా పాత అనంతపురం జిల్లాకు ఒకటిన్నర రెట్లు ఉంటుందేమో. నాలుగు వైపులా కొండలు, రెండు వైపుల సరిహద్దులు ఏళ్ళ తరబడి మూసినవి. పైకి పోవాలంటే జార్జియా మీదుగా ఒక కనుమ దారి, అది దాటితే రష్యా. పొయ్యిలో మండే గ్యాస్ రష్యాది. ఒక ఊళ్ళో కాపలా ఉండే సైన్యం రష్యాది. తోటల్లో కాసే పండ్లు తినేదీ రష్యానే.

“మరింకేం, మంచి చుట్టాలే కదా?” అన్నాను.

“చుట్టమే. ఇల్లు కాలేటప్పుడు గోడ మీద కూర్చోని చూసే చుట్టం” అన్నాడు. పక్క దేశంతో వచ్చిన యుద్ధంలో తమను ఆదుకోలేదని ఆయన కోపం. ఆ కోపంతోనే వాళ్ళ పార్లమెంటు, మేం యూరప్‌లో కలవాలనుకుంటున్నామని చట్టం చేసిందట. రష్యా దానికి, అక్కడా ఉంటాం ఇక్కడా ఉంటామంటే కుదరదంది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఒకవైపు వాళ్ళు, యూరప్ వైపు పోతే గ్యాస్ ఆగుతుంది, దారి మూస్తారు అని భయపెడుతున్నారు. రెండోవైపు వాళ్ళు, రష్యా వైపే ఉంటే దేశమే మిగలదు అని భయపెడుతున్నారు.

“నువ్వు ఎవరికేస్తావు?”

“నాకు ఓటు లేదన్నా. బయటి దేశంలో ఉండేవాళ్ళకు లేదు” అన్నాడు. ఓటు లేని మనిషి రాజకీయం ఎంత ఘాటుగా ఉంటుందో మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. మా వైపు పార్టీల పేరుతో ఒకే గోడకు రెండు వైపులా ఉండే అన్నదమ్ములు పదేళ్ళు మాట్లాడుకోకుండా ఉంటారు. అందుకే తరవాతి ఆదివారం సాయంత్రం కంచె అవతలి నుంచి అరుపులు వినపడగానే, ఒక్క ముక్క భాష రాకపోయినా విషయమేమిటో నాకు తెలిసిపోయింది.

ఆయనకు ఒక తమ్ముడు. లారీ డ్రైవరు. వాళ్ళ దేశపు ఆప్రికాట్‌లు లారీకెత్తి, ఆ కనుమ దాటి, రష్యాలో దించి వస్తాడు. వాళ్ళకు పొద్దున, మాకు సాయంత్రం. వీడియో కాల్‌లో అన్న, యూరప్ పార్టీకి ఓటెయ్యమన్నాడట. తమ్ముడు వెయ్యనన్నాడట. ఆ అరుపులకు మా పెరట్లో నిమ్మచెట్టు ఆకు రాల్చింది. మర్నాడు రైల్లో ఆయనే చెప్పాడు, ఎర్రబడిన కళ్ళతో.

“ఏమన్నాడో తెల్సునా? నువ్వు లిఫ్టులో కూర్చోని ఒక బటన్ నొక్కి పైకి పోతాండావు, నేను దావన పోవాల్నే. నా బండి పోయేది రష్యాకు, ప్యారిస్‌కు కాదు. ఓటు నాది, దావ నాది, మధ్యలో నీకేం నొప్పి అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“అయితే ఆ రష్యాకే పో, మళ్ళా నాకు ఫోన్ చెయ్యొద్దు అన్నా.”

తమ్ముడు రెండూ చేశాడు. ఆప్రికాట్‌లు ఎత్తుకుని సోమవారమే బయల్దేరాడు. ఫోన్ చేయలేదు.

మొదటి రోజు ఆయన దర్జాగానే ఉన్నాడు. రెండో రోజు, ఆ కనుమ దగ్గర లారీలు బారులు తీరి ఆగిపోయాయని ఊరినుంచి కబురు. తనిఖీలు పెంచారట. రష్యా కోపంగా ఉన్నప్పుడు ఆప్రికాట్‌లకు ఉన్నట్టుండి రోగాలొస్తాయని ఆయన సిద్ధాంతం. నిజమో కాదో నాకు తెలియదు గానీ, అలా అనేటప్పుడు గొంతులో వెటకారం లేదు. మూడో రోజు, వాళ్ళ ఊరినుంచి తమ్ముడి భార్య చేసిన ఫోన్‌కు కూడా అతను పలకలేదు. అన్న ఫోన్‌ను మోకాలి మీద బోర్లా పెట్టడం మానేసి వెల్లకిలా పెట్టడం మొదలుపెట్టాడు. అది కదిలినప్పుడల్లా ఆరడుగుల పైచిలుకు మనిషి సీట్లోంచి అరంగుళం లేచేవాడు. చూస్తే అది పళ్ళ డాక్టరు గుర్తుచేసే సందేశం. మరోసారి చూస్తే రైలు ఆలస్యమని ఆ రైల్లో ఉన్నవాళ్ళకే రైల్వేవాళ్ళు పంపిన సందేశం.

“అక్కడ కొండ మీంచి రాళ్ళు పడతాయి” అన్నాడు ఆ రోజు, ఏమీ అడక్కుండానే.

“ఏం కాదులే.”

“వానొస్తే బురద దిగుతాది. ముందర ఒకసారి దిగింది.”

“సిగ్నల్ ఉండదప్పా కొండల్లో. మా తిరుమల ఘాట్‌లోనే రాదు.”

“బండ్ల వరసలో వారం కూడా ఉండల్సి వస్తాది. వాని గుండెకాయ మంచిది కాదు. మాత్రలు తీస్కపోయినాడో లేదో అడగల్ల అనుకున్యా, అడగల్యా. ఓటు గురించే మాట్లాడితి.”

ఇక్కడ నేను పెంచలేదు. పెంచడానికి ఖాళీ లేదు.

ఇప్పుడు ఆంటీ గురించి చెప్పాలి. గోదావరి ఆంటీకి ఇంగ్లీషు రాదు. అర్మేనియా ఆయన భార్యకు కూడా అంతంతమాత్రం. ఆ ఇద్దరూ ఈ వీధిలోకెల్లా మంచి స్నేహితులు. ఆమె జామ్ సీసా ఇస్తే, ఈవిడ గోంగూర పచ్చడి ఇస్తుంది. ఆ పచ్చడి తిన్న మొదటిరోజు అర్మేనియా వంటింట్లో పొగగంట మోగిందని నేను చెబుతుంటాను. చేతులతో, కళ్ళతో గంటలు గంటలు మాట్లాడుకుంటారు. స్టీరింగు తిప్పినట్టు చేతులు పెడితే ఆ తమ్ముడు. మీసం మెలితిప్పితే ఆ ఇంటాయన. అలా ఆంటీకి కూడా సగం విషయం తెలిసింది. మిగతా సగం కోసం రోజూ పొద్దున నేను స్టేషనుకు పోయే దారిలో కాపు కాసేది.

“ఏవైనా తెలిసిందా బాబూ?”

“ఇంకా లేదాంటీ.”

“అయ్యో, ఆ పిల్ల మొహం చూళ్ళేకపోతున్నానయ్యా. ఏదన్నా తెలిస్తే వెంటనే ఫోన్లో చెప్పు, ఎంత పనిలో ఉన్నా సరే.”

శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో నేను శాండ్‌విచ్ విప్పుకుంటుంటే అర్మేనియా ఆయన ఫోన్ చేశాడు. ఏదో భవనం నేలమాళిగలోంచి. ఆ వరసలోనే ఉన్న ఇంకో డ్రైవరు రాత్రి పంపిన సందేశం ఇప్పుడు అందిందట. తమ్ముడి బండిని గేటు దాటించారు, సరిహద్దు అవతలికి పోయింది, అక్కడ పక్కకు పెట్టించారు, ఆ తరవాత ఆ డ్రైవరుకు కనపడలేదు. “దాటినాడంటే మంచిదే కదన్నా? మంచిదేనా?” అని మూడుసార్లు అడిగాడు. మంచిదే అన్నాను. ఇంట్లో చెప్పమంటే, పూర్తిగా తెలిశాక చెబుతానన్నాడు. మళ్ళీ లిఫ్టు గోతిలోకి దిగిపోయాడు.

నేను ఆంటీకిచ్చిన మాట ప్రకారం వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది కాబట్టి అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“ఆంటీ, కబురొచ్చె. ఆయప్ప తమ్ముడు సరిహద్దు దాటి పోయినాడంట. అన్న పాపం మనిషి మనిషిగా లేడు. ఇంట్లో చెప్పేకి కూడా ధైర్యం సాలల్యా. వాళ్ళింట్లో నాలుగు దినాల్నుంచి పొయ్యి కూడా ముట్టియ్యలేదంట.”

పొయ్యి సంగతి నేను పెంచినది. బుధవారం రాత్రి వాళ్ళు వంట మానేసి బ్రెడ్డు కాల్చుకు తిన్నారని ఆయన అన్నాడు, అంతే. బ్రెడ్డు అని చెబితే బాధ తెలియదనిపించింది.

మిగతాది చదువుతున్న కోస్తావాళ్ళకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. సీమవాళ్ళకు చెప్పాలి. మనకు పోవడమంటే పోవడమే. బడికి పోయినాడు, సంతకు పోయినాడు, పెండ్లికి పోయినాడు, పోయి వచ్చినాడు. గోదావరి జిల్లాలో మనిషి ఎక్కడికైనా వెళ్తాడు. పోవడం మాత్రం జన్మకు ఒక్కసారే.

ఆంటీ ఆ మెసేజ్ నాలుగుసార్లు విందట. తరవాత స్నానం చేసి, ఎర్రచీర మార్చి తెల్లరంగు నేతచీర కట్టుకుని, పొయ్యి వెలగని ఇంటికి ఇరుగుపొరుగే కదా వండిపెట్టాలి అని, అన్నం, ముద్దపప్పు, చారు వండింది. ఆ గిన్నెల్లో ఒక పెళ్ళి బృందం ఈదొచ్చు. సాయంత్రం నాలుగింటికి వాటిని పట్టుకుని పక్క గేటులోంచి వెళ్ళి తలుపు తట్టింది.

ఇక్కణ్ణుంచి నేను లేను. ఆంటీ చెప్పినదీ, అర్మేనియా ఆయన భార్య చెప్పినదీ కలిపి రాస్తున్నాను.

తలుపు తీసిన ఆమెకు ఎదురుగా, తెల్లచీరలో, నీళ్ళు నిండిన కళ్ళతో, చేతిలో గిన్నెలతో ఆంటీ. పాపం ఈ ముసలావిడకు ఏదో కష్టం వచ్చిందనుకుంది ఆమె. గిన్నెలు అందుకుని పక్కన పెట్టి, ఆంటీని దగ్గరికి తీసుకుని, వాళ్ళ భాషలో ఓదార్చింది. అయినవాళ్ళను ఓదార్చేటప్పుడు వాళ్ళు ‘త్సావ్ద్ తానెమ్’ అంటారు. ‘నీ నొప్పి నేను తీసుకుంటాను’ అని అర్థం. త్సావ్ అంటే నొప్పి. ఇంత చల్లని మాట ఏ భాషలోనైనా ఉందా అని ఆ తరవాత నాకు చాలాసార్లు అనిపించింది. కానీ ఆంటీ చెవులు ఆ రోజు ఒక్క మాట కోసమే తెరుచుకుని ఉన్నాయి.

“చావు, చావు అంటోందయ్యా! ఆ పిల్ల నోటివెంట తెలుగొచ్చేసింది! దుఃఖంలో వస్తుంది కాబోలు అనుకున్నాను” అని ఆంటీ తరవాత నాతో వాదించింది.

ఆ మాట వినగానే ఆంటీ భోరుమంది. ఆమెకు ఇంకా తెలిసిందో లేదో అన్న అనుమానం కూడా అక్కడితో తీరిపోయింది. రెండు చేతులతో స్టీరింగు తిప్పింది. ఆ చేతుల్నే పైకెత్తి, ఆకాశం వైపు చూపించి, గుండె మీద కొట్టుకుంది.

ఆ సైగకు అనువాదం అక్కర్లేదు. ఆమె ఫ్రిజ్‌కు ఆనుకుని అలాగే నేలమీదికి జారింది. మొగుడితో రోజూ రైల్లో తిరిగే నాకు తెలిసి, నా నుంచి ఆంటీకి తెలిసి, తనకే చెప్పకుండా దాచారని ఆమెకు అర్థమైంది. దాచడమైతే నిజమే కదా. మొగుడికి ఫోన్ చేసింది. ఆయన గోతిలో, సిగ్నల్ లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ. చివరికి ఊళ్ళో ఉన్న తోటికోడలికి చేసింది. అక్కడ పొద్దున ఎనిమిదో తొమ్మిదో. ఆ ఇంట్లో ఏడుపు పక్కింటికి, పక్కింట్లోంచి వీధిలోకి పాకింది. భూమికి అవతలి కొస నుంచి వచ్చిన వార్త అబద్ధమెలా అవుతుందని ఊరంతా నమ్మిందట.

ఇవేవీ తెలియకుండా మేమిద్దరం ఐదున్నర రైల్లో కూర్చుని ఉన్నాం. ఆయన ఫోన్ తెరిచి చూసుకున్నాడు. భార్య నుంచి ముప్పై ఒక్క మిస్డ్ కాల్స్. ఈ అంకె నేను పెంచలేదు. ఆయన తిరిగి చేస్తే లైను బిజీ. మళ్ళీ చేశాడు, బిజీ. ఆయన మొహంలోంచి రంగు దిగిపోవడం, లిఫ్టు ఒక్కో అంతస్తూ దిగినట్టు, నేను ఎదురుసీట్లోంచి చూశాను. స్టేషను నుంచి ఇంటికి పది నిమిషాల నడక. దక్షిణం గాలి ఈడ్చి కొడుతోంది. ఆయన నడవలేదు, నేను పరిగెత్తినా అందలేదు.

ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. వంటింటి బల్ల మీద టాబ్లెట్ నిలబెట్టి ఉంది, అందులో నల్లబట్టల ఆడవాళ్ళు పదిమంది ఒకేసారి ఏడుస్తున్నారు. ఈ పక్క ఈయన భార్య, ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని ఆంటీ. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. పనిముట్ల సంచీ భుజం మీంచి జారి ఆయన కాలిమీదే పడింది. ఆయనకు తెలియలేదు. భార్య ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ఆ తమ్ముడి పేరొక్కటే.

ఆయన గోడకు చేయి ఆనించి, నావైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు. “పో అన్నా గదన్నా. పో అనింది నేనే.”

నేను ఆంటీ దగ్గర వంగి అడిగాను. “ఎవరు చెప్పినారాంటీ? ఎప్పుడొచ్చింది కబురు?”

“అదేంటయ్యా, నువ్వే కదా చెప్పేవు!”

“నేనా?”

“పోయేడని వాయిస్ పెట్టేవు కదా! నాలుగుసార్లు విన్నాను, కళ్ళజోడు పెట్టుకుని మరీ విన్నాను.”

“ఆంటీ, పోయినాడంటే పోయినాడని!”

“నేనూ అదే కదా అంటున్నాను!”

“అది కాదాంటీ. పోయినాడంటే... వెళ్ళినాడు. బండి తోలుకొని గేటు దాటి వెళ్ళినాడు.”

ఆంటీ కళ్ళు తుడుచుకోవడం ఆపి నన్ను చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ కలలోకి వస్తుంది.

“వెళ్ళేడా? వెళితే వెళ్ళేడనాలి గానీ పోయేడంటావా, బుద్ధుందా నీకు? మరి పొయ్యి వెలిగించలేదన్నావు?”

“అది... ఊరికే అన్నా.”

“ఊరికే!”

“ఒకపూట బ్రెడ్డు తిన్నారంట.”

“బ్రెడ్డా!” అంది ఆంటీ, ఆ ఇంట్లో ఆ సాయంత్రం పలికిన మాటలన్నిట్లోకీ భయంకరమైన గొంతుతో.

నేను ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. వచ్చీరాని ఇంగ్లీషు ఆయనది, చెప్పుకోరాని పరిస్థితి నాది. మా వైపు ఒక మాట, ఆంటీ వాళ్ళ వైపు అదే మాట, రెండర్థాలు, తప్పు నాది. ఆయన ఓపిగ్గా విన్నాడు. భార్యకు చెప్పాడు. ఆమె టాబ్లెట్‌లోకి చెప్పింది. అవతల ఏడుపులు ఒక్కొక్కటే తగ్గి, ఆ పదిమంది ఆడవాళ్ళూ మెడలు సాచి తెరలోంచి నన్ను చూశారు.

అప్పుడు ఆయన అడిగాడు. “అయితే బతికుండాడా?”

చనిపోయాడన్నది అబద్ధమని నాకు తెలుసు. బతికున్నాడన్నది నిజమని నాకు తెలియదు. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో ఆ కుటుంబం నాలుగు రోజులుగా కూర్చుని ఉంది. నేను చేసిందల్లా ఆ ఖాళీని ఇంకొంచెం పెద్దది చేయడం.

“తెలీదు” అన్నాను.

ఆ తరవాత దాదాపు గంటసేపు ఆ వంటింట్లోంచి ఎవరూ బయటికి రాలేదు. నేను పోతానంటే బాగుండదు, ఉంటానన్నా బాగుండదు. నా ఉద్యోగంలో తప్పు చేస్తే ప్రోగ్రాం వెనక్కి తిప్పుకోవచ్చు, అరగంటలో పాత పద్ధతికి వచ్చేస్తుంది. వాయిస్ మెసేజ్‌ను వెనక్కి తిప్పే ఉపాయం లేదు. ఆంటీ లేచి ముద్దపప్పు వేడిచేసి అందరికీ పళ్ళేల్లో పెట్టింది. ఎవరూ ముట్టలేదు. ఆయన మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి కూర్చున్నాడు. టాబ్లెట్‌లో ఎవరో రేడియో పెట్టారు. ఎన్నికల ప్రసంగాలు కాబోలు, ఒక మగగొంతు అరుస్తోంది, నాకు యూరప్ అన్న మాటా రష్యా అన్న మాటా తెలుస్తున్నాయి. రేడియోకు దగ్గరగా కూర్చున్న అవ్వ చేయి చాపి దాన్ని ఆపేసింది.

ఆరూ యాభైకి ఫోన్ మోగింది. భార్య ఫోన్. ఎవరిదో తెలియని నంబరు. ఆమె స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది.

తమ్ముడే. గేటు దాటాక పక్కన పెట్టించి, కాగితాలు చూసి, పండ్లు చూసి, లోడు దించనివ్వకుండా తిప్పి పంపారట. ఫోన్ ఎప్పుడో చచ్చిపోయిందట. ఇప్పుడు జార్జియా వైపు దిగి, ఇంకో డ్రైవరు ఫోన్లోంచి మాట్లాడుతున్నాడు. ఇంటికి చేస్తే లైను దొరకలేదట. దొరక్కపోవడానికి కారణం ఆ టాబ్లెట్‌లోని పదిమంది ఆడవాళ్ళు. వదిన నంబరు నోటికి గుర్తుండి చేశాడు. పండ్లు మెత్తబడిపోతున్నాయి, దారిలో ఎవరు అడిగితే వాళ్ళకు ఇచ్చేస్తున్నానన్నాడు. అవతలా ఇవతలా ఒకేసారి నవ్వులూ ఏడుపులూ. ఆంటీకి ఎవరూ ఏమీ చెప్పకుండానే అంతా అర్థమై, నా వీపు మీద ఒక్కటి వేసింది.

అప్పుడు అన్న ఫోన్ అందుకున్నాడు. “నీ రష్యా వద్దు, నా యూరప్ వద్దు, మాత్రలు వేసుకున్యావా లేదా అది చెప్పు” అన్నాడు. అవతల తమ్ముడు వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. అన్న ఫోన్‌ను రెండు చేతుల్లో చంటిబిడ్డలా పట్టుకుని దానిమీద తల వాల్చాడు.

తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో, బార్బెక్యూల్లో ఈ సంగతి నేను ఇక్కడిదాకానే చెబుతాను. ఇక్కడికొచ్చేసరికి ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకుంటారు. మగవాళ్ళు ప్లేట్లు మార్చుకుంటారు. చెప్పిన ప్రతిసారీ ఆ వెక్కిళ్ళు ఒకటి రెండు పెరుగుతూ వచ్చాయి.

నేను కల్పించింది అదే. ఏడడుగుల మనిషి, చిలీ గొడుగు, పెళ్ళి బృందం ఈదే గిన్నెలు, అవన్నీ పెంచినవి. చావు మాట, పోయినాడు మాట, ముప్పై ఒక్క కాల్స్, టాబ్లెట్‌లో ఆడవాళ్ళు నన్ను చూడటం, అవి జరిగినవి. అన్న ఫోన్ అందుకోవడం జరగలేదు.

జరిగింది ఇది. తమ్ముడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో అడిగాడు. ఆమె తలెత్తి మొగుడి వైపు చూసింది. ఏమడిగాడో ఆమె తరవాత చెప్పింది. అన్న ఉన్నాడా అని. ఆయన చేయి చాపితే ఫోన్ అందేంత దూరంలో ఉన్నాడు. తల అడ్డంగా ఆడించాడు. ఆమె ఇంకోసారి చూసింది. ఇంకోసారి ఆడించాడు. ఇంకా పనిలోనే ఉన్నాడు, లిఫ్టులో, సిగ్నల్ లేదు అని ఆమె తమ్ముడికి చెప్పింది. ఆయన ఊపిరి అవతలికి వినపడుతుందేమోనని అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మాట్లాడటం పూర్తయ్యాక బయటికి నడిచి, గాలికి పడిపోయిన మా చెత్తడబ్బాను నిలబెట్టి, ఇంకేదైనా పడిందేమోనని వెతికాడు.

ఎందుకు మాట్లాడలేదని సోమవారం రైల్లో అడిగాను. “మాట్లాడితే మళ్ళా ఓటు గురించే మాట్లాడతానన్నా. నాకు నేను తెల్సు” అన్నాడు. మాత్రల సంగతి మాత్రం తరవాత ఆమె చేత అడిగించాడట. తీసుకుపోలేదట.

మొన్న తమ్ముడు మళ్ళీ ఆ దారినే బయల్దేరాడు. పండ్ల కాలం ఇంకా అయిపోలేదు. ఎవరు గెలిచినా బండి పోయే దారి అదొక్కటే. నిన్న సాయంత్రం నేను చెత్తడబ్బా బయటపెడుతుంటే వాళ్ళ వంటింటి కిటికీ తెరిచి ఉంది. ఆమె ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి మరిదితో మాట్లాడుతోంది. ఆయన సింకు దగ్గర కుళాయి కట్టేసి, సగం కడిగిన గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని, చప్పుడు కాకుండా నిలబడి ఉన్నాడు.